ఉత్తుత్తి ముల్లు

చెడుగుడులో ఉన్న కష్టమేమిటంటే, కూతకు వెళ్ళిన మనిషి ఏడవడానికి వీల్లేదు. నవ్వడానికీ వీల్లేదు. "అబ్బా" అన్నా చాలు, కూత తెగిపోతుంది. బయటికి పోయి గట్టు మీద కూచోవలసిందే. ఈ సంగతి నాకు పదేళ్ళ వయసులో, అనకాపల్లిలో మా పెరట్లో, సంక్రాంతి సెలవుల్లో బాగా బోధపడింది.

అప్పట్లో పండగకి ఇంటినిండా పిల్లలే. పెదనాన్నగారి పిల్లలు, మేనత్తల పిల్లలు, పక్కవాటా వాళ్ళు. మగపిల్లలకి వీధంతా ఉంది. మాకు పెరడు. కొత్త బెల్లం దిగే రోజులు కాబట్టి ఏ గాలి వీచినా పాకం వాసనే. అవతలి జట్టుకి నాయకురాలు మా అక్క. నాకంటే ఆరేళ్ళు పెద్దది. ఓణీ కొంగు నడుముకి బిగించి అది నిలబడితే, దాని చేతికి చిక్కిన పిల్ల తిరిగి గీత దాకా వచ్చిన దాఖలా లేదు. నేనా, పీలగా గాలికి ఎగిరిపోయేట్టు ఉండేదాన్ని.

బలం లేనివాళ్ళకి బుద్ధులు పుడతాయి. ఒకరోజు కూతకు వెళ్ళి మధ్యలో కుంటడం మొదలుపెట్టాను. మొహం చిట్లించి, అరికాలు ఎత్తి చూసుకుని, కళ్ళలో నీళ్ళు కూడా తెప్పించుకున్నాను. నోట్లో మాత్రం "చెడుగుడు గుడుగుడు" ఆగలేదు. "అయ్యో, ముల్లు గుచ్చుకుందేమోనే" అంటూ అక్క వంగింది. ఇంకో ఇద్దరు జాలిపడి దగ్గరికొచ్చారు. ముగ్గుర్నీ తాకి ఒక్క గెంతులో గీత దాటేశాను. ఆ సాయంత్రం మా జట్టులో నాకు జరిగిన మర్యాద తరవాత నా మొదటి నవలకి కూడా జరగలేదు.

మూడోనాడు నిజం ముల్లు దిగింది. తుమ్మముల్లు. కూతలోనే కుంటాను. అవతలి జట్టంతా పకపకా నవ్వారు. అక్క వచ్చి సరిగ్గా ఆ కాలే పట్టుకుని లాగింది. నెత్తురు చూశాకగాని వదల్లేదు. మా మేనత్త పిన్నీసుతో ముల్లు తీస్తూ, "మొన్నటిదా, ఇవాళ్టిదా?" అని మాత్రం అడిగింది.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న సంక్రాంతికి అక్క కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. ఫిలడెల్ఫియా దగ్గర ఉద్యోగం. వాడికి అక్కడి ఫుట్‌బాల్ పిచ్చి. మనం ఫుట్‌బాల్ అనుకునేది కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. అరిసెలు తింటూ ఫోనులో ఏవో పాత ఆటలు చూపించి, "పిన్నీ, నువ్వు కథల్లో పెట్టే మలుపులు ఈ ఆటలో ఉన్నాయి చూడు" అన్నాడు. చూశాను. చూశాక, "ఇవన్నీ నిజంగా పనిచేస్తాయంటావా?" అని అడిగాను. వాడు చెప్పినదానికి తోడు నేనూ కొంత చదువుకున్నాను. ఆటల పేజీ తిరగేసే అలవాటు లేని మీకూ నచ్చుతుందనే ఈ కబుర్లు.

ముందు ఆట సంగతి నాలుగు ముక్కల్లో. జట్టుకి పదకొండుగురు. బంతి ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి జరగాలి. జరిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు. లేకపోతే బంతి ఎదుటివాళ్ళకి. అల్లా జరుగుతూ చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్. ప్రతి ప్రయత్నానికీ ముందు ఆట ఆగుతుంది. అందరూ తలకాయలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకుంటారు. ఎవడు ఎటు పోవాలో, ఎవడి చేతికి బంతి పోవాలో అప్పుడే నిర్ణయం. గుసగుసలాడే తీరిక ఉన్నచోట మాయోపాయం పుట్టకుండా ఉంటుందా? మన చెడుగుడులో ఆ తీరిక లేదు. ఉన్నది ఒక్క ఊపిరి. అంచేత మన మాయలు ఒంట్లోంచే రావాలి. కంటిచూపు ఒకవైపు, కాలి తాపు ఒకవైపు.

2018 ఫిబ్రవరి 4న మినియాపొలిస్‌లో సూపర్ బౌల్, అంటే వాళ్ళ ఏడాది మొత్తానికి ఆఖరి పోటీ. మావాడి ఫిలడెల్ఫియా ఒకవైపు, అప్పటికే అయిదుసార్లు ఆ కప్పు గెలిచిన న్యూ ఇంగ్లండ్ ఒకవైపు. ఫిలడెల్ఫియా అసలు నాయకుడు దెబ్బ తగిలి కూచుంటే, బదులుగా వచ్చిన నిక్ ఫోల్స్ అనే ఆయన ఆడుతున్నాడు. సగం ఆట ముగిసేముందు ఒక్క గజం దూరంలో ఆగిపోయారు. మిగిలింది ఆఖరి ప్రయత్నం. బుద్ధిమంతులైతే బంతిని తన్ని మూడు పాయింట్లు తీసుకుంటారు. ఈ ఫోల్స్ ఏదో చెప్పడానికి వెళ్తున్నట్టు నింపాదిగా పక్కకి నడిచాడు. బంతి అతని చేతికి రావాలి కదా, రాలేదు. ఇంకొకడికి పోయింది. వాడు మరొకడికి ఇచ్చాడు. ఆ మూడోవాడు విసిరాడు. ఎవరికి? మూలన ఒంటరిగా నిలబడ్డ ఫోల్స్‌కే. ఎప్పుడూ విసిరేవాడు పట్టుకుంటాడని ఎవడు అనుకుంటాడు? ఫిలడెల్ఫియా 41-33తో గెలిచింది. ఆ ఊళ్ళో ఆ క్షణానికి విగ్రహం కూడా వేశారట. మావాడు దాని పక్కన నిలబడి దిగిన ఫోటో మా అక్క హాల్లో వేంకటేశ్వరస్వామి పటం కింద ఉంది.

అయితే మావాడు చెప్పకుండా దాటెయ్యబోయిన సంగతొకటుంది. అదే రోజు, అదే ఆటలో, అంతకు కాసేపు ముందే న్యూ ఇంగ్లండ్ కూడా ఇంచుమించు ఇదే ఎత్తు వేసింది. వాళ్ళ నాయకుడు టామ్ బ్రేడీ, ఆ ఆటలో ఆయన్ని మించినవాడు లేడంటారు, ఒంటరిగా పరుగెత్తాడు. బంతి చేతిలోకే వచ్చింది. జారిపోయింది! ఎత్తు పారింది, వేళ్ళు పారలేదు. మాయకి విగ్రహం వేసినవాళ్ళు ఆ జారిన బంతికి కూడా పక్కన ఒక చిన్న దిమ్మ కట్టి ఉంటే నాకు బాగుండేది.

పారని ఎత్తుల్లో నన్ను కడుపుబ్బ నవ్వించింది 2015 అక్టోబరు 18నాటిది. ఇండియానాపొలిస్ జట్టు, ఎదుట ఆ న్యూ ఇంగ్లండే. వీళ్ళు ఉన్నట్టుండి దాదాపు జట్టంతా కుడిపక్కకి వెళ్ళిపోయి నిలబడ్డారు. మధ్యలో బంతి దగ్గర మిగిలింది ఇద్దరే. ఎదుటివాళ్ళు తికమకపడాలని పథకం. వాళ్ళు పడలేదు. ఆ ఇద్దరి ముందుకి వచ్చి, పెళ్ళిలో దారి తప్పిన చుట్టాల్ని చూసినట్టు చూస్తూ నిలబడ్డారు. తికమకపడకపోతే బంతి ఎత్తకూడదన్నది పథకంలో ముఖ్యమైన ముక్క. ఏమైతేనేం, ఎత్తేశారు. అందుకున్నవాడు అడుగు వెయ్యకుండానే నేలకరిచాడు. సీరియల్ రాసేవాళ్ళకి ఈ బాధ కొత్తేమీ కాదు. మలుపు కోసం పాత్రలన్నిటినీ ఒక పక్కకి తోసేశాక, మధ్యలో ఇద్దరే మిగులుతారు. పాఠకురాలు ఎటూ కదలకుండా మనకేసి చూస్తూ ఉంటుంది.

నా ఉత్తుత్తి ముల్లుకి అక్క అనదగ్గది కూడా ఆ ఆటలో దొరికింది. 1994 నవంబరు 27న మయామీ నాయకుడు డాన్ మరీనో, జట్టు వెనకబడి ఉండగా, గడియారం ఆపడానికి బంతిని నేలకేసి కొడుతున్నానని చేతులూపి సైగలు చేశాడు. అది రోజూ జరిగే పనే. ఎదుటి న్యూయార్క్ జెట్స్‌వాళ్ళు ఒళ్ళు వదిలేశారు. ఆయన నేలకి కొట్టకుండా గీతవతలికి విసిరేసి 28-24తో గెలిపించాడు. అలసట నటించడం, నొప్పి నటించడం, ఆట ఆపుతున్నట్టు నటించడం, అన్నీ ఒక జాతివే. ఎదుటివాడి జాలినో, అలవాటునో వాడుకుంటాయి.

ఇక్కడే నాకు అసలు గుట్టు తట్టింది. మాయ ఎదుటివాళ్ళ తెలివితక్కువ మీద కాదు, నమ్మకం మీద నిలబడుతుంది. అక్క నా కాలు నమ్మింది కాబట్టి వంగింది. రోజూ నిజంగా ఆడేవాళ్ళకే ఒక్కరోజు ఉత్తుత్తిగా ఆడే అదృష్టం. రోజూ కుంటేదాన్ని ఎవరు నమ్ముతారు?

సరే, ఒకసారి పారుతుందనే అనుకుందాం. పారిన మాయ గెలిపిస్తుందా? ఈ ప్రశ్న వెంట పోతే 1903 తగిలింది. ఆ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంచేత కాస్త నెమ్మదిగా చెబుతాను.

అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో కార్లైల్ అని ఒక ఊరు. 1879లో అక్కడ రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి అమెరికన్ ఇండియన్ల పిల్లల కోసం హాస్టలు బడి పెట్టాడు. ఆ దేశపు మొదటి మనుషుల పిల్లలన్నమాట. వేలమైళ్ళ దూరం నుంచి రైళ్ళలో తెచ్చిన పిల్లలకి మొట్టమొదట జుట్టు కత్తిరించేవారు. ఆ తెగల్లో చాలామందికి జుట్టు కత్తిరించుకోవడమంటే ఇంట్లో చావు జరగడం. సొంతభాష మాట్లాడితే దండన. పేర్లు మార్చేశారు. వాళ్ళలోని ఇండియన్ను చంపి మనిషిని బతికించడమే తన పని అని ప్రాట్ బాహాటంగానే చెప్పాడు. వచ్చిన రోజున ఒక ఫోటో, కొన్నాళ్ళకి కోటు తొడిగించి మరో ఫోటో తీసి పక్కపక్కన పెట్టి, చూశారా ఎంత బాగుపడ్డారో అని ఊరంతా పంచేవారు. రోగాలతో చచ్చిపోయి అక్కడే సమాధయిన పిల్లలు వందకి పైనే. 2017 నుంచి ఆ తెగలవాళ్ళు వచ్చి కొందరి అస్థికలు సొంత ఊళ్ళకి తీసుకుపోతున్నారు.

ఆ బడి పిల్లలు ఫుట్‌బాల్ ఆడేవారు. ఒళ్ళు చిన్నవి. ఎదుటి విశ్వవిద్యాలయాలవాళ్ళు మాంసం తిని పెరిగిన దిట్టలు. 1903 అక్టోబరు 31న హార్వర్డ్‌తో ఆట. హార్వర్డ్ అంటే అధ్యక్షులూ న్యాయమూర్తులూ పుట్టుకొచ్చే చోటు. కార్లైల్ కోచ్ పాప్ వార్నర్. బడి దర్జీ చేత ఒక కుర్రాడి జెర్సీ అంచులో ఎలాస్టిక్ కుట్టించి పెట్టారు. ఈ ముక్క చదివినప్పుడు నాకు ముందు కనిపించింది మైదానం కాదు, కుట్టుమిషను. చరిత్రలో కెక్కిన ఎత్తు మొదలైంది లంగా బొందు ఎక్కించే పనిలోంచి!

రెండో సగం మొదలవుతూనే హార్వర్డ్ తన్నిన బంతిని జిమ్మీ జాన్సన్ అందుకున్నాడు. కార్లైల్ పిల్లలంతా చుట్టూ మూగారు. ఆ గుంపులో బంతి చార్లెస్ డిల్లన్ వీపు మీద జెర్సీలోకి దూరిపోయింది. ఈ డిల్లన్ సూ తెగవాడు. గుంపు విడిపోయింది. ఒక్కొక్కడూ పొట్టకి చేతులడ్డం పెట్టుకుని, బంతి తన దగ్గరే ఉన్నట్టు నలుదిక్కులకీ పరుగు. హార్వర్డ్‌వాళ్ళు దొరికినవాణ్ణల్లా కింద పడేసి వెతుకుతున్నారు. డిల్లన్ ఒక్కడే రెండు చేతులూ ఊపుకుంటూ తిన్నగా పోయాడు. చేతులు ఖాళీగా ఉన్నవాణ్ణి ఎవడు పట్టుకుంటాడు? మైదానం ఒక కొసనుంచి రెండో కొసకి పోయి, ఎలాస్టిక్ లాగి బంతి తీశారు. కార్లైల్ 11, హార్వర్డ్ సున్న.

ఆట అక్కడితో అయిపోతే ఎంత బాగుండును! ఒళ్ళు మండిన హార్వర్డ్ పెద్ద ఒళ్ళతో మీదపడి 12-11తో గెలిచింది. ఒక్క పాయింటు.

నెబ్రాస్కావాళ్ళకీ 1984 జనవరి 2న ఇదే జరిగింది. బంతిని కావాలనే నేలమీద వదిలేసి, దున్నపోతులాంటి రక్షకుడొకడు తీసుకుని పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. జనం లేచి నిలబడ్డారు. చివరికి 31-30తో మయామీయే గెలిచింది. అక్కడా ఒక్క పాయింటే. మాయ గుర్తుండిపోతుంది, గెలుపు ఎవరిదో తరవాత పుస్తకంలో వెతుక్కోవాలి.

కార్లైల్ ఎత్తు చట్టవిరుద్ధమని అప్పటి నిబంధనల్లో ఎక్కడా లేదు. తరవాత చేర్చారు. కోచ్ వార్నర్ కూడా అది పూర్తిగా ధర్మమైన పద్ధతి కాదేమోనన్నట్టు రాశాడు. ఎలాస్టిక్ విషయంలో ఇంత ధర్మమీమాంస జరిగింది. ఆ రెండేసి ఫోటోల విషయంలో అప్పుడు జరగలేదు. దేశాధ్యక్షుడు ఇటువంటి బళ్ళ గురించి నోరు విప్పి క్షమాపణ చెప్పింది 2024 అక్టోబరులో. బడి మూసేసి అప్పటికి 106 ఏళ్ళు.

అన్నట్లు, కార్లైల్ హార్వర్డ్‌ను నిజంగానే గెలిచింది. 1907లో 23-15. ఎల్లా గెలిచిందో చూడండి. బంతిని ముందుకి విసరడం 1906 దాకా ఆ ఆటలో నిషిద్ధం. 1905లో గుద్దుకుని కుర్రాళ్ళు చచ్చిపోతున్నారని దేశమంతా గగ్గోలు పుట్టాక అనుమతించారు. పెద్ద విశ్వవిద్యాలయాలు అదేదో గారడీ అని మొహం తిప్పుకుంటూంటే, కార్లైల్ పిల్లలు దాన్ని పొద్దస్తమానం సాధన చేశారు. మొన్నటిదాకా గారడీ అనిపించుకున్నదే ఇవాళ ఆటకి ప్రాణం. ఫోల్స్‌కి విగ్రహం వచ్చింది కూడా ముందుకి విసిరిన బంతి వల్లనే. 1911లో జిమ్ థోర్ప్ అనే వీరుడు ఆడగా మళ్ళీ గెలిచారు, 18-15.

గారడీ అని ఎవరు ఎవర్ని అంటారన్నదే నాకు పట్టిన పురుగు. మన పల్నాటి కథ తీసుకోండి. కోడిపందెంలో ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలన్న షరతు. బ్రహ్మనాయుడి పక్షం ఓడి మాచర్ల వదిలి పోయింది. నాగమ్మ మాయ చేసి గెలిచిందని మనకి చిన్నప్పటినుంచీ చెబుతారు. చేసిందే అనుకుందాం. ఆ పందెం ఎన్నాళ్ళు నిలిచింది? కారెంపూడిలో రెండు వంశాలూ ఊడ్చుకుపోయేదాకా. మాయ పారినా గెలుపు దక్కలేదనడానికి అంతకంటే ఏం కావాలి? కాని మా తెలుగు మాస్టారు ఆ పాఠం చెబుతూ మగవాళ్ళు చేస్తే వ్యూహం, ఆడది చేస్తే మాయ అన్నట్టు రెండు మాటలు వాడేవారు. నేను అప్పుడే చెయ్యెత్తి అడగవలసింది.

మన చెడుగుడుకి వద్దాం. ఇప్పుడు దాన్ని కబడ్డీ అంటేగాని పిల్లలకి తెలియదు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ వేళ అమరావతివాళ్ళు, అంటే మహారాష్ట్ర అమరావతిలోని హనుమాన్ వ్యాయామ మండలివాళ్ళు, ప్రదర్శించి వచ్చిన ఆట. 1990లో ఆసియా క్రీడల్లో చేరింది. ఆడవాళ్ళకి చోటు దొరకడానికి 2010 దాకా ఆగవలసొచ్చింది. ఇప్పుడు టీవీలో చాపల మీద ఆడుతున్నారు. కూతకి ముప్ఫై సెకన్లు. రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది చావో రేవో. అలసినట్టు నటించి మూల ఖాళీ వదిలి పిలవడం, పట్టుకోబోతే వాళ్ళ చేతుల కిందనుంచి చేపలా జారిపోవడం, అన్నీ ఉన్నాయి. ఆ జారడానికి డుబ్కీ అని పేరు. మొదట చూసి నోరు తెరిచారు, ఇప్పుడు హైస్కూలు పిల్లలు చేస్తున్నారు.

2018లో జకార్తాలో మన ఆడపిల్లలు ఇరాన్ అమ్మాయిల చేతిలో 24-27తో ఓడిపోయారు. అప్పటిదాకా బంగారం మనదే. ఇరాన్ పిల్లలకి నేర్పిందెవరు? నాసిక్ నుంచి వెళ్ళిన శైలజా జైన్. మన ఎత్తులు మనకే వచ్చి తగిలాయి. నేను ఆ రోజు బాధపడ్డానో, గర్వపడ్డానో ఇప్పటికీ చెప్పలేను. 2023లో హాంగ్‌జౌలో మనవాళ్ళు చైనీస్ తైపే మీద 26-25తో మళ్ళీ తెచ్చుకున్నారు.

ఆ హాంగ్‌జౌలోనే మగవాళ్ళ ఫైనల్. అక్టోబరు 7. ఎదుట ఇరాన్. 28-28. నిమిషం పైచిలుకు మిగిలింది. పవన్ సెహ్రావత్ కూతకి వెళ్ళాడు. ఎవర్నీ తాకకుండానే పక్కనున్న లాబీలోకి అడుగు పడింది. ముట్టుకోనిదే ఆ పట్టీలోకి పోకూడదు. అతన్ని పట్టబోయి ఇరాన్‌వాళ్ళూ లోపలికి వచ్చేశారు. ఎవరు అవుట్? పాత నిబంధన ఒకటి చెబుతోంది, కొత్త నిబంధన ఇంకొకటి. దాదాపు గంట ఆట ఆగింది. ఒకసారి అటు, ఒకసారి ఇటు. చివరికి మనం 33-29తో గెలిచాం. మా వీధిలో టపాకాయలు కాల్చారు. నేనూ గుమ్మంలోకి వచ్చి చూశాను. కాని ఆ గంటసేపూ మైదానం మధ్య కింద కూచున్న కుర్రాళ్ళ మొహాలు చూస్తూంటే హార్వర్డ్ గుర్తొచ్చింది. అది ఎత్తూ కాదు, మాయా కాదు, పుస్తకంలో రెండు పేజీలు రెండు మాటలు చెప్పడం. ఆ పవన్‌నే కొద్దిరోజులకి మన తెలుగు టైటాన్స్ వేలంలో రెండున్నర కోట్లు దాటించి తెచ్చుకుంది.

"అయితే పనిచేస్తాయంటావా, చెయ్యవంటావా?" అని మావాడు అడిగాడు, ప్రయాణానికి సూట్‌కేసు కట్టుకుంటూ. వాడికి అవునో కాదో కావాలి. నేను చెప్పబోతూండగానే పెరట్లోంచి గోల.

వాడి కూతురు, ఆరేళ్ళది, వీధిపిల్లలతో చెడుగుడు ఆడుతోంది. వచ్చిన పదిరోజుల్లో కూత నేర్చేసుకుంది. కొత్తగా నేర్చుకున్న ఆ "గుడుగుడు"లో అమెరికా గుండ్రదనం ఇంకా పోలేదు. గీత దాటి రెండడుగులు వేసి, ఉన్నట్టుండి కుంటింది. మొహం చిట్లించింది. కాలు ఎత్తి చూసుకుంది. అవతలి పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, కదలకుండా నిలబడ్డారు.

"నువ్వు నేర్పావా?" అని అక్క నాకేసి చూసింది.

"ఒట్టు, నేను నేర్పలేదు."

పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి. కూత మాత్రం నడుస్తూనే ఉంది. యాభై నాలుగేళ్ళ మా అక్క, మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేని మా అక్క, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని పెరట్లోకి దిగింది. దగ్గరికి పోయి ఆ కాలు చూడటానికి వంగింది.